ఎవరి నుంచి ఈ రక్షణ?

మన పాలమూరు, నల్లగొండ జిల్లాలకు సముద్రం లేదు. కోస్తా జిల్లాల వారు కోరంగి మడ అడవుల గురించి, పులికాట్ సరస్సు గురించి చెప్పుకుంటారు. మనకున్న తీరమంతా కృష్ణా తీరమే. కొల్లాపూర్ దగ్గరి సోమశిల మొదలుకొని దోమలపెంట మీదుగా నాగార్జునసాగర్ వరకు నది ఎడమ గట్టున చాలా దూరం నల్లమల అడవి పరచుకొని ఉంది. విశాఖ వైపు సముద్రపుటొడ్డు నుంచి వలస వచ్చిన జాలరి కుటుంబాలు ఈ రిజర్వాయర్ల ఒడ్డున గుడిసెలు వేసుకుని దశాబ్దాలుగా చేపలు పడుతున్నాయి. వారి పాలిటికి ఇదే సముద్రం.

ఈ తీరపు అడవికి ప్రభుత్వం వేసిన కంచె గురించి ఈ వారం పాఠకులతో నాలుగు మాటలు చెప్పదలచాము. శుక్రవారం పేజీలో అడవి గోల ఎందుకని కొందరు సోదరులకు అనిపించవచ్చు. భూమి మనకు అమానత్ అని జుమా ఖుత్బాలో తరచుగా వింటూనే ఉంటాము. ఆ అమానత్ మన గడపకు వంద మైళ్ల లోపే ఉన్నప్పుడు దాని బాగోగులు విచారించటం ధర్మానికి బయటి పని ఎలా అవుతుంది? పైగా ఆ ఒడ్డున ఉన్న నీళ్లే మనం తాగుతున్నాము.

ముందు ఆ నేల ఏమిటో చూద్దాం. 1978లో నాగార్జునసాగర్ - శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది. 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చింది. 1992లో రాజీవ్ గాంధీ పేరు పెట్టారు. అప్పట్లో నది రెండు గట్లూ దానిలోనే ఉండేవి. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఉత్తరపు గట్టు తెలంగాణకు వచ్చి అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో 2,166 చదరపు కిలోమీటర్లు కోర్ ప్రాంతం, అంటే మనుషుల అలికిడి వీలైనంత తక్కువగా ఉండాలని నిర్ణయించిన లోపలి భాగం. 2016లో జిల్లాలు చీలిన తరువాత నేటి నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో ఇది విస్తరించి ఉంది. పాత లెక్కన చూస్తే అంతా మన రెండు జిల్లాలదే.

అడవి అంటే చెట్ల గుంపు అనుకునే వారు ఒకసారి మన్ననూర్ ఘాటు ఎక్కి చూడాలి. పైన పీఠభూమి మీద నల్లమద్ది, ఏగి, బిల్లుడు, తునికి, మొర్రి చెట్లు. మధ్యమధ్య దుప్పులు మేసే గడ్డిమైదానాలు. కొండ అంచు దిగితే వెదురు, రాతి చరియలు, ఆ చరియల కింద కృష్ణ లోయ. ఒడ్డున మొసళ్లు, నీటికుక్కలు. దేవరకొండ వైపు వస్తే వాన తక్కువ, ముళ్లపొదల అడవి, డిండి వాగు. ఒక్కొక్క నేలకు ఒక్కొక్క జీవి. పులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్క, కొండగొర్రె, ఇంకా మూరెడు ఎత్తు కూడా లేని మూషిక జింక. ఈ చిన్న జింక కనుమరుగయ్యే స్థితి వస్తే హైదరాబాదు జంతుప్రదర్శనశాలలో పెంచి తెచ్చి ఈ అడవిలో తిరిగి వదిలారు. భూమి మీద తిరిగే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మీవంటి సమాజాలేనని దివ్యఖుర్ఆన్ బోధిస్తుంది. ఆ మాటకు అర్థం పుస్తకాల్లో కంటే ఇక్కడ త్వరగా బోధపడుతుంది.

ఇక నీటి సంగతి. పుట్టంగండి దగ్గర సాగర్ జలాలను ఎత్తిపోసి అక్కంపల్లి రిజర్వాయరుకు పంపుతారు. అక్కడి నుంచి నల్లగొండ జిల్లాలోని ఫ్లోరైడ్ పల్లెలకూ జంటనగరాలకూ మంచినీళ్లు వెళతాయి. పాలమూరు వైపు శ్రీశైలం వెనుక జలాలను ఎల్లూరు దగ్గర ఎత్తిపోస్తారు, కల్వకుర్తి ఎత్తిపోతలకూ తాగునీటికీ అదే ఆధారం. మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో వంకర తిరిగిన కాళ్లతో ఒక తరమంతా బతికింది. ఆ నేలలో బోరు నీళ్లు విషమని దశాబ్దాల కిందటి నుంచే తెలుసు. అక్కడికి కృష్ణ నీళ్లు చేరటానికి రెండు తరాలు పట్టింది. ఇన్ని ఇళ్ల కుండలు ఒక్క నది ఒడ్డు మీద ఆధారపడి ఉన్నప్పుడు ఆ ఒడ్డు ఎంత పదిలంగా ఉండాలి! శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి 2009-11 నాటి సర్వేలో 215 టీఎంసీలకు దిగిపోయింది. ఆ మట్టి అధిక భాగం ఎగువ నుంచి వచ్చిందే, మన అడవి నుంచి కాదు. చెట్లు నిలిచిన గట్టు మట్టిని ఎంత పట్టి ఉంచుతుందో, చెట్లు పోయిన గట్టు ఏం చేస్తుందో చెప్పటానికి మాత్రం ఆ లెక్క చాలు.

ఇక్కడ ఒక పాత మాట గుర్తు చేయాలి. రక్షిత భూమి అనే ఆలోచన తెల్లదొరలతోనే పుట్టిందని చాలామంది అనుకుంటారు. అరబ్బులలో 'హిమా' అనే ఏర్పాటు ఇస్లాంకు ముందే ఉండేది. అయితే అది బలవంతుల ఏర్పాటు. తెగ నాయకుడు ఒక మెట్ట ఎక్కి కుక్కను మొరిగించేవాడట. ఆ మొరుగుడు ఎంత దూరం వినిపిస్తే అంత మేర గడ్డి, నీరు అతనివే. ఇతరుల మందలు అందులో అడుగు పెట్టరాదు. అతని మందలు మాత్రం ఇతరుల బీళ్లలో కూడా మేయవచ్చు! దైవప్రవక్త (స) ఈ అలవాటును రద్దు చేశారు. ఇకమీదట హిమా అన్నది అల్లాహ్‌కూ ఆయన ప్రవక్తకూ చెందినదే తప్ప ఏ దొరకూ చెందదని ప్రకటించారు. అంటే సమాజ ప్రయోజనం కోసం తప్ప సొంతానికి ఎవరూ భూమిని చుట్టుకోరాదన్నమాట. మదీనా చుట్టూ చెట్టు కొట్టరాని, వేటాడరాని హద్దులు నిర్ణయించారు. నఖీ అనే చోట సైనిక గుర్రాల మేత కోసం బీడు కేటాయించారు.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో రబజా వంటి చోట్ల హిమాలు విస్తరించాయి. ఒక హిమాకు ఆయన హునై అనే సేవకుణ్ణి కావలిగా నియమించారు. అప్పుడు ఆయన చేసిన హితబోధ బుఖారీలో ఉంది. దాని సారాంశం చెబుతాము. కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి గొర్రెలు ఉన్నవాణ్ణి లోపలికి రానివ్వమన్నారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్‌ల మందల విషయంలో జాగ్రత్తగా ఉండమన్నారు. ఆ ఇద్దరూ సామాన్యులు కారు, మహనీయులైన సహాబాలు, గొప్ప దాతలు. వారిని తక్కువ చేయటం ఆయన ఉద్దేశం కాదు. వారి పశువులు చచ్చినా వారికి ఖర్జూరపు తోటలున్నాయి, పొలాలున్నాయి. పేదవాడి నాలుగు జీవాలు చస్తే అతడు పిల్లల్ని వెంటబెట్టుకుని ఖలీఫా గుమ్మం ముందుకు వస్తాడు. అప్పుడు బంగారం ఇచ్చి ఆదుకోవటం కంటే ఇప్పుడు గడ్డీ నీళ్లూ ఇవ్వటమే తేలిక అన్నారు. అంతటితో ఆగలేదు. ఈ నేల వాళ్లదే, దీని కోసం వాళ్లు పోరాడారు, నేను వాళ్లకు అన్యాయం చేశానని అనుకుంటారు, దైవమార్గంలో సాగే వాహన పశువుల అవసరమే లేకపోతే వాళ్ల నేలలో జానెడు కూడా నేను అడ్డగించేవాణ్ణి కాదు అన్న భావం వ్యక్తం చేశారు.

పాఠకులు ఈ బోధను కాసేపు మనసులో ఉంచుకోవాలి. కంచె వేయటం తప్పు కాదు. కంచె ఎందుకు వేశామో మరచిపోవటం తప్పు. కంచె దగ్గర బీదవాణ్ణి ఆపి బలవంతుణ్ణి పంపటం ఇంకా పెద్ద తప్పు. అమ్రాబాద్ కంచె దగ్గర ఇంతకాలం జరిగింది ఏమిటి?

లంబాపూర్, పెద్దగట్టు పేర్లు పాతికేళ్ల నాటి పత్రికలు చదివిన వారికి గుర్తుంటాయి. ఇది సూర్యాపేట దగ్గర జాతర జరిగే పెద్దగట్టు కాదు. దేవరకొండ ప్రాంతంలో, పెద్దఅడిశర్లపల్లి మండలంలో, సాగర్ జలాశయం పక్కనే ఉన్నది. అక్కడ యురేనియం తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ముందుకు వచ్చింది. 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. తండాల వారు, పల్లెల వారు వచ్చి వద్దన్నారు. ఖనిజాన్ని శుద్ధి చేసే కర్మాగారానికి మొదట చూసిన చోటు అక్కంపల్లి రిజర్వాయరుకు దగ్గర. గొడవ జరిగాక ఇంకో చోటు చూశారు. ఏమైతేనేం, ఆ గని తెరుచుకోలేదు. అభయారణ్యం అంచు, రెండు జిల్లాల మంచినీళ్ల మూలం, కోటికి చేరువవుతున్న జనాభా గల నగరానికి నల్లా నీరు. ఇన్నీ తెలిసి కూడా అక్కడే తవ్వుదామని పెద్ద పెద్ద చదువులు చదివిన వారికి ఎలా తోచిందో మాకు ఇప్పటికీ అంతు చిక్కదు.

అది ముగిసిందనుకుంటే 2019 మే నెలలో అదే మాట ఇంకో చోట లేచింది. అమ్రాబాద్ రిజర్వులోనే సుమారు 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం నిక్షేపాలు వెతకటానికి అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ పెట్టుకున్న అర్జీకి కేంద్రంలోని అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సరేనన్నది. సుమారు 4,000 బోర్లు వేయాలన్నది ప్రతిపాదన. బోరు వేయాలంటే రిగ్గు రావాలి, రిగ్గు రావాలంటే దారి వేయాలి, దారి వేయాలంటే చెట్టు కొట్టాలి. పుల్ల విరిస్తే పట్టుకునే అడవిలో! అమ్రాబాద్, మన్ననూర్, పదర ప్రజలు రోడ్డెక్కారు. విద్యార్థులు, కవులు, సినిమా వాళ్లు, రాజకీయ పక్షాలు గొంతు కలిపారు. 2019 సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. శాసనసభలో ఏకగ్రీవాలు అరుదు కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కాని శాసనసభ తీర్మానం చట్టం కాదు. అణు ఖనిజం కేంద్రం చేతిలోని విషయం. వెనక్కు తగ్గిన అర్జీ పదేళ్లకు మళ్లీ రావచ్చు, లంబాపూర్ తరువాత అమ్రాబాద్ వచ్చినట్లు.

దేశానికి కరెంటు అక్కరలేదా అని అడిగేవారున్నారు. అక్కరే. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని, శుద్ధి కర్మాగారం నడుస్తున్నాయి. చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు చెడ్డాయని, పంటలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు చేస్తూ వచ్చారు. కార్పొరేషన్ ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. ఎవరి మాట ఎంత నిజమో తేల్చటం మా పని కాదు. అటువంటి తగవు ఒక పల్లెలో వస్తే ఆ పల్లె బాధపడుతుంది. ఆ తగవు కృష్ణ ఒడ్డున వస్తే? మహానగరమంతా కుళాయి తిప్పటానికి భయపడుతుంది. ఒకసారి తవ్విన గుట్టను మళ్లీ పూడ్చి అడవి చేసే విద్య ఇంకా ఎవరి దగ్గరా లేదు.

ఇక కంచె రెండో వైపు చూద్దాం. ఈ అడవిలో ఎప్పటి నుంచో ఉన్నవారు చెంచులు. తేనె, తపసి జిగురు, ఉసిరికాయ, చింతపండు, కుంకుళ్లు ఏరుకుని గిరిజన సహకార సంస్థకు, అచ్చంపేట బజారుకు తెచ్చి అమ్ముకునేవారు. తేనెపట్టు తీసేటప్పుడు కొంత పట్టును ఈగల కోసం వదిలి వచ్చే మర్యాద తెలిసినవారు. నిజాం కాలంలో ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు వీరి పెంటల్లో తిరిగి 1943లో వీరి గురించి గ్రంథం ప్రచురించాడు. 1940ల తొలినాళ్లలోనే హైదరాబాద్ ప్రభుత్వం అమ్రాబాద్ పీఠభూమి మీద వీరి కోసం అడవిని ప్రత్యేకించింది. అంటే ఈ నేలకు మొట్టమొదటి రక్షణలలో ఒకటి పులి పేరున కాదు, చెంచు పేరున వచ్చింది. ఆ సంగతి ఈనాటి బోర్డుల మీద ఎక్కడా కనిపించదు.

ఇప్పుడు ఆ పేరే జాబితాలో మొదట కొట్టివేయబడుతున్నది. పులుల కోర్ ప్రాంతాల్లో ఉన్న ఊళ్లను త్వరగా బయటికి తరలించండని 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. దేశం మొత్తం మీద 54 రిజర్వుల్లో 591 గ్రామాలు, 64,801 కుటుంబాలు ఇంకా ఉన్నాయని అందులోని లెక్క. మన అమ్రాబాద్‌లో సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి ఊళ్ల తరలింపు మాట కొన్నేళ్లుగా నడుస్తున్నది. ఆ ఊళ్లలో చెంచులతో పాటు ఇతర కులాల వారూ ఉన్నారు. కుటుంబానికి 15 లక్షల రూపాయలు గాని, లేదా భూమీ ఇల్లూ కలిపిన పునరావాసం గాని, రెండిటిలో ఒకటి కోరుకోవచ్చునన్నది నిబంధన.

న్యాయంగా మాట్లాడితే రెండు వైపులా మాట ఉంది. పులికి నిశ్శబ్దమైన జాగా కావాలి. ఊరు, పశువులు, కరెంటు తీగ, కుక్కలు ఉన్నచోట ఆడపులి పిల్లల్ని పెట్టదు. లోపలి ఊళ్లలో ఉన్న యువకులు కొందరు తామే వెళ్లిపోతామంటున్నారు. బడి లేదు, పురిటి నొప్పులు వస్తే ఆసుపత్రి దూరం, రాత్రి తొమ్మిది దాటితే శ్రీశైలం రోడ్డు మీద గేటు పడుతుంది. వారు వెళ్లాలనుకుంటే ఆపటానికి మనమెవరం? కాని వెళ్లనన్న వాణ్ణి పంపే హక్కు కూడా ఎవరికీ లేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, అదే ఏడాది సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. ముందు వారి హక్కులు గుర్తించాలి. వారు అక్కడ ఉంటే జంతువులకు కోలుకోలేని హాని జరుగుతుందని తేలాలి. కలిసి బతికే మార్గం వేరే లేదని తేలాలి. గ్రామసభ, బాధిత కుటుంబాలు అన్నీ తెలుసుకుని ఒప్పుకోవాలి. పునరావాసం సిద్ధమయ్యాకే కదిలించాలి.

అటవీ హక్కుల చట్టంలోనే ఇంకో మాట ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా వినిపించరు. వన్యప్రాణుల కోసమని జనాన్ని ఖాళీ చేయించిన సంరక్షణ ప్రాంతాన్ని ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వం గాని కేంద్ర ప్రభుత్వం గాని మరెవరైనా గాని వేరే పనికి మళ్లించకూడదు. చెంచు వెళ్లిపోయిన గుట్ట పులికే ఉండాలి, రిగ్గుకు కాదు. హజ్రత్ ఉమర్ (రజి) చెప్పిన షరతు ఇదే గదా! ఏ అవసరం కోసం అడ్డగించామో ఆ అవసరానికే. ఈ ఒక్క నిబంధనను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర బోర్డు కట్టమని మా మనవి.

పునరావాసం అంటే మన పాలమూరు ప్రజలకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. శ్రీశైలం జలాశయం కోసం మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు నీట మునిగాయి. 1981లో ఇళ్లు కూలగొట్టి జనాన్ని పంపించారు. కుటుంబానికో ఉద్యోగం ఇస్తామని 1986లో జీవో 98 వచ్చింది. ఆ జీవో పట్టుకుని కొల్లాపూర్ ప్రాంతపు నిర్వాసితులు దశాబ్దాల పాటు కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. అర్జీ పెట్టిన తండ్రి పోయాడు, కొడుకు జుట్టు నెరిసింది. మునిగిన ఊళ్లలో మసీదులున్నాయి, ఖబ్రస్తాన్‌లున్నాయి. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు గోడలు తేలితే చూడటానికి వెళ్లే ముసలివారు ఉండేవారు. ఆ అనుభవం ఉన్న జిల్లా మళ్లీ 'కుటుంబానికి ఇంత' అనే మాట విన్నప్పుడు డబ్బు ఎంత అని కాక, చెంచుకు బ్యాంకు ఖాతాలో పడిన 15 లక్షలు ఎన్నాళ్లు నిలుస్తాయి, చుట్టూ చేరే దళారులను ఎవరు కాస్తారు అని అడగాలి.

అడవిని కాపాడాలంటే కొన్నిసార్లు ఖరీదు చెల్లించాలి, అది ఎవరు చెల్లిస్తున్నారన్నదే ప్రశ్న. నల్లగొండకు నీళ్లు తెచ్చే శ్రీశైలం ఎడమగట్టు సొరంగం, సుమారు 44 కిలోమీటర్లు, ఈ రిజర్వు కింద నుంచే పోవాలి. పైన పులుల అడవి కాబట్టి మధ్యలో పైనుంచి దారులు తవ్వకుండా రెండు చివరల నుంచే యంత్రాలతో తొలిచారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. వారాల తరబడి గాలిస్తే ఇద్దరి మృతదేహాలే దొరికాయి. పంజాబ్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, జమ్మూ కశ్మీర్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు. మన ఫ్లోరైడ్ పల్లెలకు నీళ్లు, మన అడవికి క్షేమం, రెండిటి భారమూ వాళ్ల మీద పడింది. వారి ఇళ్లకు మనం రుణపడి ఉన్నాము.

ప్రభుత్వాన్ని అడిగినంత గట్టిగా మనల్ని మనం కూడా అడగాలి. మా జిల్లా పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరున వచ్చింది. ఆయన పులుల వేటలో పేరుమోసినవాడు. ఫర్హాబాద్‌లో నిజాం కాలపు వేట విడిది శిథిలాలు నేటికీ ఉన్నాయి. ఆనందాల ఊరు అని ఆ పేరుకు అర్థం, జంతువులకు మాత్రం కాదు! షికారు గొప్ప అనే ఆ పాత నవాబీ మోజు కొన్ని ఇళ్లలో ఇంకా పోలేదు. దావత్‌లో జింక మాంసం వడ్డించామని గుసగుసగా గొప్పలు చెప్పుకునేవారు ఉన్నారు. 1972 చట్టం ప్రకారం అది జైలు నేరం. చట్టం సంగతి అలా ఉంచి, ఉచ్చు వేసి దొంగతనంగా పట్టిన జంతువు మాంసాన్ని హలాల్ అని ఏ ముఖంతో తింటాము?

శ్రీశైలం రోడ్డు మీద సరదా ప్రయాణాలు చేసేవారిలో మన కుటుంబాలూ ఉన్నాయి. ఈగలపెంట దాకా పోయి బిర్యానీ పొట్లాలు విప్పి, తిన్నాక ఆ పొట్లాలూ ప్లాస్టిక్ సీసాలూ రోడ్డు పక్కన విసిరి, కోతులకు అరటిపండ్లు పంచి పుణ్యం అనుకుంటారు. ఆ కోతి రోడ్డు మరుగుతుంది, కారు కింద పడుతుంది. ప్లాస్టిక్ దుప్పి కడుపులోకి పోతుంది. ఫాల్గుణ చైత్ర మాసాల్లో ఆకు రాలి అడవంతా ఎండుటాకుల చాప పరచినట్లు ఉంటుంది. అప్పుడు విసిరిన ఒక్క బీడీ ముక్క ఒక గుట్టను కాల్చగలదు. దారిలో అడ్డుగా ఉన్న హానికర వస్తువును తొలగించటం ఈమాన్‌లోని భాగమని నేర్చుకున్న సముదాయం మనది. మనమే తెచ్చి దారిలో పడవేస్తే ఏమనాలి?

మంచి ఉదాహరణలు కూడా ఇంట్లోనే ఉన్నాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఏడు వందల ఏళ్ల నాటిదని చెబుతారు. ఆ మర్రి నీడన ఒక వలీ సమాధి ఉంది. ఫాతిహా చదివే చేతులూ, వేరే విధంగా మొక్కే చేతులూ ఒకే చెట్టును తరతరాలు కాపాడాయి. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగి పడినప్పుడు జిల్లా అంతా తల్లడిల్లింది. చెదలు తొలిచేస్తున్నాయని తేలింది. 2018లో ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్లు కొమ్మలకు సీసాలు కట్టి బొట్టు బొట్టుగా మందు ఎక్కించారు. ఆ ఫొటో దేశదేశాల పత్రికల్లో వచ్చింది. ఒక్క చెట్టు మీద అంత ప్రేమ చూపినవారికి రెండున్నర వేల చదరపు కిలోమీటర్ల అడవి పరాయిది కాకూడదు.

నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట, కృష్ణ ఒడ్డుకు దగ్గరి జాన్‌పహాడ్ దర్గా, ఇటువంటివన్నీ గుట్టల మీదా చెట్ల మధ్యా వెలసినవే. ఉర్సుకు మతభేదం లేకుండా వేలాది మంది వస్తారు. ముతవల్లీలు, కమిటీల వారు తలచుకుంటే ఆ గుట్టలు ఆ చుట్టుపక్కల ఊళ్లకు చిన్న హిమాలు కాగలవు. మన ఖబ్రస్తాన్‌ల సంగతి చూడండి. వక్ఫ్ భూమి కబ్జా అయిందని మనం వాపోతాము, వాపోవలసిందే. మిగిలిన భూమిలో వేప, కానుగ, నేరేడు నాటి గోడ కట్టిన కమిటీలు ఎన్ని? చెట్టున్న ఖబ్రస్తాన్ మీద కబ్జాదారుడి కన్ను అంత త్వరగా పడదని అనుభవం ఉన్నవారు చెబుతారు.

అచ్చంపేట, కల్వకుర్తి, దేవరకొండ బజార్లలో వ్యాపారం చేసే మన సోదరులకు ఒక ప్రత్యేక మనవి. తేనె, చింతపండు, కుంకుళ్లు తెచ్చే చెంచుల దగ్గర తూకంలో న్యాయం పాటించండి. అప్పు పేరు చెప్పి సరుకు సగం ధరకు లాక్కునే అలవాటు ఆ బజార్లకు కొత్త కాదు, ఏ మతం వారు చేసినా అది దోపిడీయే. ఈ వ్యాపారులకు అడవి లోపలి కబురు మిగతా వారికంటే ముందు తెలుస్తుంది. ఏ పెంటలో ఎవరు సంతకాలు తీసుకుంటున్నారో, ఏ గుట్ట వైపు కొత్త వాహనాలు పోతున్నాయో వారికే తెలుస్తుంది. 2019లో అమ్రాబాద్ మేలుకున్నది అటువంటి కబుర్ల వల్లనే.

జిల్లా యంత్రాంగాన్ని కోరేది కొంచెమే. తరలింపు కోసం జరిగే గ్రామసభల తేదీలు ముందుగా పత్రికల్లో ప్రకటించాలి. ఒప్పంద పత్రం తెలుగులో చదివి వినిపించాలి, ప్రతి కుటుంబానికీ ఒక నకలు ఇవ్వాలి. భూమి కోరుకున్నవారికి భూమి చూపించాకే వేలిముద్ర తీసుకోవాలి. వెళ్లనన్న కుటుంబానికి బడి, నీళ్లు, రేషను ఆపకూడదు. శాసనసభ 2019లో చేసిన తీర్మానానికి కేంద్రం నుంచి రాతపూర్వకమైన జవాబు తెప్పించే బాధ్యత నాగర్‌కర్నూల్, నల్లగొండ పార్లమెంటు సభ్యులది. వారు ఏ పార్టీ వారైనా సరే, వచ్చే సమావేశాల్లో ఆ ఒక్క ప్రశ్న వేయాలి.